రెండు దెబ్బలు

టిప్పర్ వెనక్కి వస్తుంటే వెనక నిలబడి దారి చూపించడం నా పని. పదకొండేళ్ళుగా ఇదే. ఒక చేతిలో ఎర్ర జెండా పట్టుకుని, రెండో చేత్తో బండి బాడీ మీద కొడతాను. ఒక దెబ్బ కొడితే రావచ్చు, రెండు కొడితే ఆగాలి. అద్దంలో కనపడని చోట డ్రైవర్‌కి ఆ చప్పుడే ఆధారం.

వెనక్కి వచ్చేటప్పుడు కూసే హారన్ ఒకటి ఆ బండికి ఉండేది. ఫోన్లో మాట వినపడటం లేదని మా మేనేజర్ దాని తీగ పీకించాడు. దానికి తోడు వెనక డోరు గొళ్ళెం వదులైపోయి, గతుకు తగిలినప్పుడల్లా ధబధబా కొట్టుకుంటోంది. ఈ రెండింటి గురించీ నెల రోజులు మొత్తుకున్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. నువ్వున్నావు కదా అని నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

బండి నడిపేది మా మరిది. నా పెళ్ళినాటికి నిక్కరేసుకుని తిరిగేవాడు, నేనే అన్నం పెట్టి పెంచాను.

ఆ రోజు పొద్దున పునాది గుంత పక్కన మట్టి పోయాలి. మట్టి సర్దే తాత, అంచున వేసిన పలక జరిగిందని వంగి సరిచేస్తున్నాడు. బండి వెనక్కి వస్తోంది. రెండు దెబ్బలు కొట్టాను. ఆగలేదు. మళ్ళీ రెండు కొట్టాను. అరచెయ్యి మంటెత్తింది గానీ బండి ఆగలేదు. అరుద్దామంటే తాతకి చెవుడు. ముందుకి పరుగెత్తి, జెండా కర్రతో డ్రైవర్ తలుపు మీద బాదాను. అప్పుడాగింది. అప్పటికే చక్రం తాత ఎడమ బూటు ముందుభాగం మీదికి ఎక్కేసింది. తాత కాలు లాక్కున్నాడు, బూటు చక్రం కింద ఉండిపోయింది. దేవుడి దయ అన్నారందరూ. దేవుడేం చేశాడు? ఆ బూటు రెండు సైజులు పెద్దది.

మేనేజర్ కాగితంతో వచ్చాడు. సైగ చెయ్యాల్సిన మనిషి చెయ్యలేదని అందులో అప్పటికే రాసుంది. సంతకం పెడితే నా పని పోతుంది. పెట్టకపోతే డ్రైవరే ఆపలేదని ఇంకోటి రాస్తానన్నాడు, అప్పుడు మరిది లైసెన్సు పోతుంది. ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్ళం, మాలో ఎవరిదో తప్పు తేల్చుకోవాలట. గొళ్ళెం మాట మాత్రం ఎత్తడు.

మరిదిని అడిగాడు. వాడు నేల చూస్తూ గొణిగాడు.

"వదిన కొట్టినట్టు నాకు తెలీలేదండి."

ఆ క్షణాన మేనేజర్ మీద కంటే వాడి మీదే నాకు ఒళ్ళు మండిపోయింది. పళ్ళు కొరుక్కుని కాగితం అందుకున్నాను.

"సంతకం పెడతానండి. ముందు మీరోసారి మావాడి పక్కన కూర్చోండి. ఇరవై అడుగులు వెనక్కి వస్తాడు. నేనెన్ని దెబ్బలు కొట్టానో లెక్కపెట్టి చెప్పండి."

నవ్వుకుంటూ ఎక్కాడు. గుంతకి దూరంగా, వెనక పిట్ట కూడా లేకుండా అందరినీ పంపించేసి జెండా ఊపాను. ఆ తర్వాత వెళ్ళి షెడ్డు దగ్గర తాత భుజం పట్టుకుని నిలబడ్డాను. బండి గతుకుల మీద ఊగుతూ వెనక్కి వచ్చి ఆగింది.

మేనేజర్ గెలిచినవాడిలా దిగాడు.

"రెండు. ఆ తర్వాత ఇంకో రెండు. ఇంత బాగా వినపడుతుంటే తెలీకపోవడం ఏంటి?"

అంటూనే నా కోసం బండి వెనక చూశాడు. అక్కడ ఎవరూ లేరు.

"నేను బండిని ముట్టుకోనేలేదండి," అన్నాను షెడ్డు దగ్గర్నుంచి. "ఆ డోరు రోజుకి వందసార్లు కొడుతుంది. అందులో నా దెబ్బలేవో వాడికెలా తెలుస్తాయి?"

దగ్గరికి వెళ్ళి కాగితం ఖాళీ వైపుకి తిప్పి ఇచ్చాను. ఇప్పుడు విన్నది రాయమన్నాను, దాని కింద సంతకం పెడతానన్నాను. రాసేదాకా జెండా ఎత్తనన్నాను. జేబులోంచి పెన్ను తియ్యడానికి అతనికి చాలాసేపు పట్టింది.

మధ్యాహ్నానికి గొళ్ళెం బిగించారు, హారన్ కూసింది. తీగ కలపడానికి పట్టింది పది నిమిషాలు.

సాయంత్రం మరిది నా పక్కనే నడుస్తూ, తప్పయింది వదినా, భయమేసి నోరు రాలేదు అన్నాడు.

"రేపు తాతకి బూట్లు కొను," అన్నాను. "రెండు సైజులు పెద్దవి."