వాలంటీర్ అనే క్రియ

లోంగ్‌షీ పట్నంలో, మా హైస్కూల్లో నేను ఇంగ్లీషు పంతులమ్మని. ‘వాలంటీర్’ అనే క్రియను నాకంటే బాగా చెప్పేవాళ్లు ఈ జిల్లాలో లేరని నా నమ్మకం. ఆ నమ్మకం ఇంకెవరికీ ఉన్నట్టు లేదు. సీనియర్ టీచరు హోదా ఇప్పటికే రెండుసార్లు చేజారింది.

ఈ ఏడు మా బడికి వచ్చింది ఒక్క హోదా. అధికారుల ముందు చెప్పే పాఠం బాగుంటే అది నాదేనన్నారు హెడ్మాస్టర్ దోవ్ గారు. అలాంటి పాఠాన్ని మా దగ్గర పిల్లలతో ముందే రిహార్సల్ చేయించి పెట్టుకుంటాం. “ఎవరు ముందుకొస్తారు?” అనగానే క్లాసంతా చెయ్యెత్తాలి. జవాబు వచ్చినవాళ్లు కుడిచెయ్యి, రానివాళ్లు ఎడమచెయ్యి. నేను కుడిచెయ్యి ఎత్తినవాళ్లనే లేపి అడుగుతాను.

“నేను రానంటే, టీచర్?” అంది రిహార్సల్లో మెయ్‌చీ, ముందు బల్ల పిల్ల.

“నోర్మూసుకుని రావే. ఎవరూ తోయకుండా నీ అంతట నువ్వు రావడమే ఈ మాటకర్థం.”

క్లాసంతా ఎందుకు నవ్విందో నాకు ఇంటికెళ్లాక గాని వెలగలేదు.

అధికారులు వచ్చిన రోజు పాఠం దంచి కొట్టాను. ఇచ్ఛ అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి పుట్టిందన్నాను. మొదట తనంతట తాను సైన్యంలో చేరినవాణ్ణి అలా పిలిచేవారనీ, క్రియగా వాడటం తర్వాత వచ్చిందనీ చెప్పాను. చేతులన్నీ లేచాయి. అధికారులు చప్పట్లు కొట్టారు. నా కాళ్లు నేలమీద లేవు.

తర్వాత దోవ్ గారు గదికి పిలిచి, స్వయంగా టీ పోశారు. హెడ్మాస్టరు టీ పోశాడంటే కొంప మునిగినట్టేనని నాకు తట్టలేదు.

“పాఠం అదిరిందమ్మా, రువాన్ టీచర్. కానీ గె మాస్టారు వచ్చే ఏడు రిటైరవుతున్నారు. హోదా లేకుండా సాగనంపితే ఏం బాగుంటుంది? మీకింకా వయసుంది. ఆయన కోసం మీ అంతట మీరే తప్పుకున్నారని అధికారులతో చెప్పేశాను. ఎంత మెచ్చుకున్నారో.”

ఒళ్లు మండింది. ఏడుపూ వచ్చింది. కడిగేద్దామని నోరు తెరిచేసరికి తలుపు తోసుకుని గె మాస్టారే వచ్చారు. తడి కళ్లతో నా రెండు చేతులూ పట్టుకున్నారు.

“నిజంగా నీ అంతట నువ్వే తప్పుకున్నావా తల్లీ?”

“అవును మాస్టారూ,” అన్నాను. “నన్నెవరూ అడగనే లేదు.”