కల్వర్టు అర్జీలో సొంతూళ్ళు

జగ్గయ్యకి తన దస్తూరీ అంటే మహా మురిపెం. రైల్వేలో ముప్పై ఏళ్ళు టైమ్‌కీపరుగా గ్యాంగు కూలీల హాజరు రాసి రాసి, ఇంగ్లీషైనా తెలుగైనా అచ్చుగుద్దినట్టు రాయడం అలవాటు చేసుకున్నాడు. అందుకే ఉక్కు ఫ్యాక్టరీ పక్కనున్న ఖుర్సీపార్‌లో నాలా వాగుకి అవతలి తెలుగు బస్తీవాళ్ళంతా కల్వర్టు కోసం మునిసిపాలిటీకి అర్జీ పెడదామనుకున్నప్పుడు, హిందీ అర్జీ దుర్గ్ కోర్టు దగ్గర డబ్బులిచ్చి రాయించినా, సంతకాల జాబితా మాత్రం ఇంకొకళ్ళని ముట్టుకోనివ్వలేదు. ఆ మురిపెమే కొంప ముంచింది.

నూట పన్నెండు పేర్లు. ప్రతి పేరు పక్కన ఇంగ్లీషులో సొంతూరు. రైల్వేలో అలాగే రాస్తారు మరి! ఏడాదికోసారి ఊరెళ్ళడానికి రైలు పాసు ఇవ్వాలంటే మనిషి ఏ ఊరివాడో తెలియాలి. పైగా బస్తీలో త్రినాథరావులే నలుగురున్నారు. రాజాం త్రినాథ, పాలకొండ త్రినాథ అంటే తప్ప ఎవడెవడో వాళ్ళ పెళ్ళాలకి కూడా తెలియదు. జాబితా మొదట్లో తన పేరే రాసుకున్నాడు: జగ్గయ్య, బొబ్బిలి. ఆ ఊరి పేరు కింద ఒక గీత కూడా గీశాడు, దానికి అంత అవసరమేమిటో దేవుడికే తెలియాలి.

కల్వర్టు మీద జగ్గయ్యకి అంత పట్టుదల ఎందుకో బస్తీలో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. కిందటి శ్రావణంలో నాలా పొంగింది. ఫ్యాక్టరీలో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్లలో పనిచేసే చిన్నారావు భార్య నూకమ్మకి అప్పుడే నొప్పులొచ్చాయి. మంచం మీద మోసుకుని ఆసుపత్రికి బయలుదేరారు. గట్టు మీద జగ్గయ్య అడ్డంపడ్డాడు. నీళ్ళు పొంగితే దాటకూడదు, తగ్గేదాకా ఆగాలి, రైల్వే రూలు అదే అన్నాడు. పెద్దమనిషి మాట కదా, ఆగారు. రెండున్నర గంటలు ఆగారు. ఆ గట్టు మీదే, గొడుగుల కింద, నూకమ్మ ఆడపిల్లని కంది. పిల్ల ఏడవలేదు.

ఆ వరదలో దిగి ఉంటే మంచంతో సహా మోసేవాళ్ళు నలుగురూ కొట్టుకుపోయేవాళ్ళని అందరూ అన్నారు. నిజమే కావచ్చు. కానీ జగ్గయ్యకి ఆ మాట మనసుకి పట్టలేదు. నూకమ్మ ఒక్కనాడైనా తనని తిట్టి ఉంటే బాగుండునని లోపల్లోపల ఏడ్చేవాడు. ఆవిడేమో ఎదురుపడితే "పెదనాన్నా, బాగున్నారా?" అని తలొంచుకుని వెళ్ళిపోయేది. మేలో రిటైరవుతాడు. బొబ్బిలిలో రెండు గదులు కట్టించాడు, పైకప్పు కూడా పడింది. ఆ లోపల ఈ నాలా మీద కల్వర్టు పడకపోతే, బొబ్బిలి వెళ్ళినా తనకి కంటిమీద కునుకుండదని అతనికి తెలుసు.

ఫిబ్రవరిలో అర్జీ ఇచ్చారు. మార్చి మొదటివారంలో మునిసిపల్ ఆఫీసు గుమస్తా కబురంపితే జగ్గయ్య వెళ్ళాడు. గుమస్తా చెడ్డవాడు కాదు, నవ్వు ఆపుకోలేకపోతున్నాడంతే.

"జగ్గయ్యా, యే సబ్ లోగ్ రహతే కహా హై?" అన్నాడు జాబితా తిప్పి చూపిస్తూ. "వీళ్ళంతా ఉండేదెక్కడయ్యా? బొబ్బిలి, రాజాం, పాలకొండ, చీపురుపల్లి... ఇక్కడుండేవాడు ఒక్కడూ లేడే! కమిటీలో చదివితే అందరూ నవ్వారు. ఆంధ్రావాళ్ళకి ఇక్కడ కల్వర్టెందుకని ఒక మెంబరు అడిగాడు. ఈ ఏడు పద్దులో ఒక్క కల్వర్టుకే డబ్బుంది. ఆయన వార్డు వాళ్ళది కూడా అర్జీ ఉంది. గురువారం మీటింగులో తేల్చేస్తారు. ఆ లోపల జాబితా మార్చి తీసుకురా."

జగ్గయ్య ముఖం మాడిపోయింది. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. తన అందమైన అక్షరాలతో తనే నూట పన్నెండు కొంపల్ని పట్టుకెళ్ళి బొబ్బిలి తాలూకాలో పెట్టేశాడు!

అదేం పెద్ద పని, ఊళ్ళ పేర్లు కొట్టేసి ఖుర్సీపార్ అని రాస్తే సరిపోతుందనుకున్నాడు. తీరా మార్పు పక్కన మళ్ళీ వేలిముద్రల కోసం ఇల్లిల్లూ తిరిగితే జనం జంకారు. పంచలో కూర్చుని గడ్డం గీసుకుంటున్న రాజాం త్రినాథ కత్తి కింద పెట్టేశాడు.

"బాబాయ్, ఇదేటి మెలిక? నానిక్కడోడినని గవర్నమెంటు కాయితం మీద ఏలిముద్ర ఏసీసినాననుకో. రేపు ఊర్లో మా తమ్ముడు ఆ కాయితం పట్టుకుని, నీకిక్కడ వాటా నేదు పోరా అంటే ఏటి సేస్తాను?"

"ఒరే, కల్వర్టు కాయితానికీ నీ మడిచెక్కకీ సంబంధమేట్రా?"

"నీకేం, సదువుకున్నోడివి. మరి నువ్వు రాసినావా, ఇక్కడోడినని?"

జగ్గయ్య జాబితా మొదటి కాగితం తిప్పి చూశాడు. రాయలేదు. అందరివీ మార్పిద్దామని బయలుదేరాడే గాని, తన పేరు పక్కన బొబ్బిలి అలాగే ఉంది, కింద గీతతో సహా. పెన్ను తీశాడు. బొబ్బిలి కొట్టేసి ఖుర్సీపార్ అని రాశాడు. వట్టి కాగితమే కదా అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. అతను కొట్టేయడం చూసి త్రినాథ గడ్డానికి సబ్బు నురగతోనే వచ్చి వేలిముద్ర వేశాడు. వాడి వెనక ఇంకొకడు. గురువారానికి డెబ్బై ఆరు మంది తేలారు. మిగిలినవాళ్ళు "సూద్దారి బాబాయ్" అన్నారు, అంటే వెయ్యరన్నమాట.

మీటింగు రోజున అర్జీదారుల తరఫున జగ్గయ్యని లోపలికి పిలిచారు. అధ్యక్షుడు నెమ్మదైన మనిషి. జాబితా చూసి తలాడించాడు. వెంటనే పోటీ అర్జీ పెట్టిన వార్డు మెంబరు లేచాడు.

"కాగితం మార్చారు, బాగుంది. మనుషులు మారారా? కల్వర్టుకి అటూ ఇటూ మట్టిపని జనమే చెయ్యాలని షరతు. రెండు వానాకాలాలు ఆ మట్టి జారకుండా చూసుకోవడానికి బస్తీలో ఒకడు పూచీపడి సంతకం పెట్టాలి. మా వార్డులో తరతరాలుగా ఉంటున్న మనిషి ఉన్నాడు. వీళ్ళలో ఎవరున్నారు? ఈ పెద్దమనిషి మేలో రిటైరై వెళ్ళిపోతాడట!"

అధ్యక్షుడు జగ్గయ్య వైపు చూశాడు. "నిజమేనా?"

నిజమే. బొబ్బిలిలో రెండు గదులు నిజం, ఇంట్లో సర్దిపెట్టిన పెట్టెలు నిజం. త్రినాథ పేరు చెబుదామా అనుకున్నాడు. వాడికి షిఫ్టు డ్యూటీ. పైగా తను తప్పుకుని ఇంకొకడి మెడకి చుట్టడమేమిటి? అబద్ధం చెప్పి సంతకం పెట్టి మేలో రైలెక్కేసినా ఎవరూ పట్టుకోరు. ఆ మాట కూడా మనసులో మెదిలింది, దాచడమెందుకు. కానీ ఒకసారి తన మాట నమ్మి జనం గట్టు మీద ఆగిపోయారు. మళ్ళీ ఇంకో మాట చెప్పి తప్పించుకుపోవడం అతని వల్ల కాలేదు.

"నహీ జాఊంగా సాబ్," అన్నాడు. "ఎక్కడికీ ఎళ్ళను. నేనే పూచీ."

సంతకం పెట్టించుకున్నారు. చేతులెత్తమన్నారు. నాలుగు వోట్ల తేడాతో కల్వర్టు నాలాకి వచ్చింది.

బయటికొస్తే గుమస్తా వీపు తట్టాడు. జగ్గయ్యకి సంతోషమే. కానీ ఇల్లు దగ్గరపడుతున్న కొద్దీ నడక నెమ్మది చేశాడు. భార్య గౌరీదేవికి ఏం చెప్పాలి? బొబ్బిలిలో చెల్లెళ్ళ పక్కన ఉండొచ్చని పదిహేనేళ్ళుగా రోజులు లెక్కపెట్టుకుంటున్న మనిషి. గుమ్మంలోనే దొరికిపోయాడు.

"ఏటయ్యింది? ఒచ్చిందా?"

"ఒచ్చింది," అన్నాడు. తర్వాత నీళ్ళు నమలకుండా మొత్తం చెప్పేశాడు.

ఆవిడ గోడకి చేరగిలబడి కూర్చుండిపోయింది. కొంగు కళ్ళకద్దుకుంది.

"నన్నొక్క మాట అడిగినావా? ఆ ఊరు నీ ఒక్కడిదేటి, నువ్వొక్కడివీ ఎళ్ళి వదిలీసి రాడానికి? నువ్వుంటే ఉండు. నాను మాత్రం మా సెల్లెళ్ళ దగ్గరికి పోతాను."

"పో," అన్నాడు జగ్గయ్య మెల్లిగా. "కాదన్ను. నా తప్పే, అడగాల్సింది."

ఆ జవాబుకి ఆవిడకి ఇంకా మండిపోయింది. తగువైనా సరిగ్గా ఆడనివ్వడు ఈ మనిషి! విసురుగా లేచి ముక్కు చీదుకుంది. "నూకమ్మకి సెప్పినావా?"

"నేదు. ఏ మొహం పెట్టుకుని సెప్పను?"

"ఇదే మొహం. నడు."

తనే ముందు నడిచింది. మూడిళ్ళ అవతల నూకమ్మ బియ్యం ఏరుకుంటోంది. ఆవిడకి మళ్ళీ మూడో నెల. ఈసారి భయంతో, జూన్‌లోనే నరసన్నపేటలో అమ్మ దగ్గరికి వెళ్ళిపోవాలని నిశ్చయించుకుంది.

జగ్గయ్య గుమ్మం బయటే నిలబడ్డాడు. "నూకమ్మా, కల్వర్టు మంజూరైందమ్మా. వచ్చే నెల్లో పని మొదలెడతారు. వానల్లోపల..." ఇన్ని నెలలుగా అనలేని మాట అప్పుడు బయటికొచ్చింది. "ఆ రోజు ఆగమన్నాను తల్లీ. ఆగమన్నది నేనే."

నూకమ్మ చేట కింద పెట్టింది.

"దాన్ని ఆ గట్టు మీదే కప్పెట్టినాం, పెదనాన్నా. దాన్నొదిలీసి కాన్పుకి నరసన్నపేట ఎలాగెళ్ళాలా అని నాకు రోజూ ఏడుపే." ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "కల్వర్టొస్తే నానెళ్ళను. ఈడనే ఉంటాను. కానీ అమ్మ ఇంత దూరం రాలేదు. నన్ను సూసుకోడానికి ఎవరున్నారు?"

జగ్గయ్య భార్య వైపు చూడలేక నేల చూపులు చూశాడు.

గౌరీదేవి లోపలికెళ్ళి నూకమ్మ పక్కన కూర్చుంది. చేట తన ఒళ్ళోకి లాక్కుని, ఏడుస్తూనే బియ్యంలో రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది.

"నానున్నాను కదే," అంది. "పురుడు నానే పోస్తాను."