గోషా ఇంటి గాజు పలక

తలుపులమ్మ ఇండుపగింజను కుండ లోపలి అంచుకేసి అరగదీస్తూనే ఉంది. శ్రావణమాసంలో గోదావరి నీళ్లు ఎర్రమట్టి కలిపిన కుడితిలా ఉంటాయి. గింజ అరిగి ఆ గంధం నీళ్లలో కలిస్తే, బురదంతా మెల్లగా అడుక్కి దిగి పైన తేట నిలుస్తుంది. ఆ తేట నీళ్లు లేనిదే ఫోటో లేదు. మడ్డినీళ్లలో కడిగితే గాజు పలక మీద కలెక్టరుగారి మొహమైనా సరే, మశూచి పోసినట్టు మచ్చలు తేలుతుంది. ఈ కిటుకు ఆమె యజమాని చంద్రరావుకి మదరాసులో విద్య నేర్పిన దొరకి తెలియదు. వరద నీళ్లు తాగి పెరిగిన పల్లెకారుల ఆడదానికి తెలుసు.

నిన్న అరగదీసిన కుండ ఇవాళ్టికి పనికొస్తుంది. ఇప్పుడు అరగదీస్తున్నది రేపటికి. రేపటి నీళ్లు ఇవాళే సిద్ధం చేసుకోవడం తప్ప ఆమె బతుకులో ముందుచూపు అనేది మరోటి లేదు.

యాభై నాలుగేళ్లు ఉంటాయి. పొట్టి మనిషి, ఎముకల మీద తోలు. కూర్చుంటే లేవడానికి గోడ సాయం కావాలి. పదివేళ్ల గోళ్లూ ఫోటో మందుల్లో నాని నల్లబడ్డాయి. చింతపండు పెట్టి తోమినా, ఇసక పెట్టి తోమినా ఆ నలుపు వదల్లేదు. చూసినవాళ్లు పొగాకు బేళ్ల దగ్గర పని కాబోలనుకుంటారు. ఆమె కాదనదు. ఫోటోలు తీస్తానంటే నమ్మేదెవరు?

నిజానికి తీసేది ఆమే. రాజుల ఇళ్లలో ఆడవాళ్లకి గోషా, పరాయి మగవాడి కంటపడరు. పంతొమ్మిదేళ్ల కిందట ఒక రాజుగారు తన ఇంటి ఆడవాళ్లకి ఫోటోలు తియ్యాలని కబురుపెడితే చంద్రరావు గుటకలు మింగాడు. వచ్చిన బేరం వదులుకోలేడు, తెర దాటి లోపలికి వెళ్లలేడు. తలుపులమ్మ అప్పటికి భర్త గంగయ్యని వరదకి పోగొట్టుకుని, రేవునుంచి ఆయన దుకాణానికి నీళ్లు మోస్తూ ఉండేది. “ఫోటో పెట్టె మూత తియ్యి, ఎనిమిది లెక్కపెట్టు, మూత పెట్టెయ్యి. బ్రహ్మవిద్యేం కాదు” అని ఆయన ఆమెను లోపలికి తోశాడు. ఆ తోపుతో లోపలికి వెళ్లిన మనిషి ఆ తర్వాత ఎన్ని లోగిళ్లు తిరిగిందో ఆమెకే గుర్తులేదు. పటం అట్ట కింద బంగారు అక్షరాలతో మాత్రం చంద్రరావు పేరే ఉంటుంది. సొమ్మొకడిది, సోకొకడిది.

పేరు సంగతి ఆమెకు పెద్దగా పట్టలేదు. బాధంతా పలకల గురించే. గోషా స్త్రీ మొహం పడిన గాజు పలక దుకాణంలో ఉండటానికి వీల్లేదు. అందుకని చీకటిగదిలో దాన్ని కడిగేదీ, దాని మీంచి కాగితానికి ఎక్కించేదీ తలుపులమ్మే. పటం ఇచ్చాక, ఆ ఇంటి పెద్దావిడ కళ్లముందు పలకను రోటికేసి కొట్టాలి. ఇది ఒప్పందం. పంతొమ్మిదేళ్లుగా కొడుతూనే ఉంది. కాగితం పటాలా, ఈ సీమ చెమ్మకి పది వానాకాలాలు ఆగవు. పసుపుబారి, మొహం మాసిపోయాక ఏదో ఒక ఇంటినుంచి పిలుపొస్తుంది, ఇంకోటి వేసిస్తావా అని. “పలక మీరే కొట్టించారు కదండమ్మా” అని చెప్పి వెనక్కి వస్తుంది. ఆ పూట ఆమెకు అన్నం సహించదు.

ఇవాళ వెళ్లవలసింది ఇన్నీసుపేటలో ఒక అద్దెమేడకి. భీమవరం దగ్గరి సీతారామరాజుగారు భార్యకి దొర వైద్యం చేయించడానికి రాజమహేంద్రవరం తెచ్చి అక్కడ దిగారు. భార్య రత్నమాణిక్యానికి ఇరవై మూడేళ్లు, క్షయ. డాక్టరు దొర చేతులెత్తేసి వారమైంది. ఆమెకు పధ్నాలుగు నెలల కూతురుంది, పాపాయి.

“దానికి నా మొహం తెలియాలి తలుపులమ్మా. అంతకంటే నాకేం అక్కర్లేదు” అని రత్నమాణిక్యం మొదటిరోజే చెప్పింది.

ఇప్పటికి రెండుసార్లు తీస్తే రెండుసార్లూ దగ్గు అడ్డుపడింది. పలక మీద నగలు వచ్చాయి, చీర అంచు వచ్చింది, మొహం ఉండవలసిన చోట పొగ మిగిలింది. ఇది మూడోసారి. దింపుడుకళ్లం ఆశేనని ఇద్దరికీ తెలుసు.

పొద్దున్నే మబ్బు పట్టింది. చంద్రరావు వీధి అరుగు మీద రాజుగారి పక్కన కూర్చుని, తెర ఇవతలనుంచి విద్య చెప్పడం మొదలుపెట్టాడు.

“తలుపులమ్మా! మెడ నిటారుగా పెట్టమను! రెప్ప వెయ్యొద్దను! ఊపిరి బిగబట్టమను!”

“చిత్తమండి” అంది ఆమె లోపలినుంచి.

చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఊపిరి బిగబట్టిన మొహం గొంతులో చేపముల్లు దిగిన మొహంలా ఉంటుందని తలుపులమ్మ మొదటి ఏడాదే తెలుసుకుంది. ఆయన అద్దాల బీరువాలో వరసగా నిలబెట్టిన ప్లీడర్లూ తాసీల్దార్లూ అందరిదీ అదే వాలకం.

గదిలో రత్నమాణిక్యాన్ని దిండ్లకి ఆనించి కూర్చోబెట్టారు. అత్తగారు సుభద్రమ్మ కోడలికి ఉన్న బంగారమంతా పెట్టింది. కాసులపేరు బరువుకి ఆ పిల్ల మెడ ముందుకి వాలుతోంది. చెంపల ఎముకలు పైకి తేలి, కళ్లు మాత్రం పెద్దవై, మొహంలో అవే మిగిలాయి. తలుపులమ్మ ఆమె వంక చూడకుండా తిన్నగా కిటికీ దగ్గరికి వెళ్లింది.

“ఎప్పుడొచ్చినా ముందు నన్ను చూడవు, కిటికీనే చూస్తావేంటి?” అంది రత్నమాణిక్యం.

“ఎలుగు ఏ పక్కనుంచి వత్తందో చూసుకోవాలండమ్మా. నీటి వాటం చూడకుండా వల ఏత్తే నాచే కదండీ పడేది.”

కిటికీకి ఎదురుగా తెల్లపంచె అడ్డంగా చాపి కట్టింది, నీడ పడిన చెంప మీద కాస్త వెలుతురు పడేలా. కాసులపేరు తీసెయ్యమని అడిగితే సుభద్రమ్మ కస్సుమంది. రాజుల కోడలు బోసిమెడతో పటంలో ఉంటుందా అంది. బంగారం మెరిస్తే కళ్లు చచ్చిపోతాయని తలుపులమ్మ మెల్లగా నచ్చజెప్పి, ఒక్క నాను గొలుసు ఉంచింది. ఊరికే ఉన్న చేతులు బిగుసుకుపోతాయని, ఆ చేతుల్లో పాపాయి గౌను పెట్టి మడతపెట్టమంది.

“మూత ఎప్పుడు తియ్యాలో నీకెలా తెలుస్తుంది?” అని అడిగింది రత్నమాణిక్యం గౌను మడతపెడుతూ. నాలుగు మాటలకి నాలుగుసార్లు ఆగింది.

“మనిషి ఈ పెట్టె సంగతి మర్చిపోయేదాకా ఊరుకోవాలండి. ఆనక ఊపిరి వదిలేసి, మళ్లీ తీసుకునే లోపల ఓ సందుంటాది. అదే మనదండి.”

“నాకు ఆ సందు లేదే!”

తలుపులమ్మ నల్లగుడ్డ కప్పుకుంది. మబ్బు వెలుతురుకి ఎనిమిది చాలదు, పన్నెండు లెక్కపెట్టాలి. పన్నెండు అంకెలపాటు దగ్గు ఆగాలి. ఆమె పలక అమర్చి, మూత మీద చెయ్యి వేసేసరికి దగ్గు వచ్చింది.

అది మామూలు దగ్గు కాదు. మంచం కదిలింది. సుభద్రమ్మ పాపాయిని చంకనేసుకుని “వద్దు, ఆపెయ్యి, సర్దేసుకో” అంటోంది. బయటనుంచి చంద్రరావు ఏదో అరిచాడు. తలుపులమ్మ కదల్లేదు. ముందు రెండుసార్లూ చేసిన తప్పు ఆమెకు అప్పుడు తట్టింది. దగ్గు ఆగగానే అందరూ ఆ పిల్లమీద పడి మొహం తుడిచారు, జుట్టు దువ్వారు, బొట్టు దిద్దారు. ఆ ముస్తాబు అయ్యేసరికి మళ్లీ దగ్గు వచ్చేసింది. పెద్ద దగ్గు తెర పోయిన వెంటనే, జబ్బు కూడా అలిసిపోయి కాసేపు పక్కకి కూర్చుంటుంది. ఉంటే గింటే పన్నెండు అంకెలూ అక్కడే ఉన్నాయి.

దగ్గు ఆగింది. రత్నమాణిక్యం దిండుమీదికి వాలింది. ముడి ఊడి జుట్టంతా నుదుటి చుట్టూ రేగి ఉంది.

“తుడవకండి పెద్దమ్మగారూ” అంది తలుపులమ్మ గుసగుసగా. “పాపాయిని ఇలా నా పక్కకి తెండి. గబగబా తెండి.”

ఏ కళనుందో, సుభద్రమ్మ మాట విని వచ్చి నిలబడింది. రత్నమాణిక్యం కళ్లు పెట్టెను దాటి పిల్లమీద నిలిచాయి. ఊపిరి వదిలింది. తలుపులమ్మ మూత తీసింది. లోపల లెక్కపెడుతుంటే తన గుండె ఒక అంకెకి రెండుసార్లు కొట్టుకోవడం తెలిసింది. పదకొండు దగ్గర పాపాయి అమ్మకోసం చేతులు చాపింది. పన్నెండు. మూత పెట్టేసింది.

“జుట్టు రేగి పిచ్చిదానిలా ఉంటే తీశావేంటే!” అంది సుభద్రమ్మ.

రత్నమాణిక్యం మెల్లగా నవ్వింది. “నాకు బోధపడిందత్తయ్యా. బాగా అలిసిపోయాక తియ్యాలి.”

“ఆయ్” అంది తలుపులమ్మ. ఇన్నేళ్లలో ఆ విద్య పట్టుకున్నది ఈ పిల్ల ఒక్కతే. అందుకు సంతోషించాలో ఏడవాలో ఆమెకు తెలియలేదు.

“పలక ఉంటే, పటం పాడైనా మళ్లీ వేసుకోవచ్చు కదూ?”

“ఎన్నైనా ఏసుకోవచ్చండి. గాజు మాసిపోదండి.”

ఇద్దరూ సుభద్రమ్మ వంక చూశారు.

“ఒప్పందం ఒప్పందమే” అంది ఆవిడ. “మా ఇంటి ఆడకూతురి మొహం గాజులో చిక్కుకుని ఊరిమీద పడకూడదు. సాయంత్రం పటం తెచ్చి, పలక రోటికేసి కొట్టి మరీ వెళ్లు.”

మామూలుగా నాలుగు రోజుల పని. తలుపులమ్మ ఆ పూటే పూర్తి చేసింది. ఎర్రలాంతరు వెలుగులో పలకను మందులో ఊపింది, అయిదు తేటనీళ్లు మార్చి కడిగింది, ఆరడానికి స్పిరిటులో ముంచి విసనకర్రతో విసిరింది. ఆపైన డాబామీద, జల్లుకీ జల్లుకీ మధ్య వచ్చే ఆ కాస్త ఎండలో కాగితానికి ఎక్కించింది. దూరంగా ఏటి మధ్య కొత్త రైలు వంతెన స్తంభాలు మసకగా కనిపిస్తున్నాయి. గోడకి చేరబడితే కన్ను మూతపడిపోతోంది. కునుకు తీస్తే కాగితం నల్లబడిపోతుంది. మోకాళ్ల సలుపే ఆమెను మెలకువగా ఉంచింది.

చంద్రరావు మెట్లమీదే నిలబడి అడిగాడు. “చూడన్లే. వచ్చిందా?”

“వచ్చిందండి.”

“ఎలా ఉంది?”

“బతికుందండి” అంది తలుపులమ్మ.

ఆయన తల ఊపి దిగిపోయాడు.

పొద్దువాలే వేళకి ఆమె పటాన్నీ పలకనూ గుడ్డలో చుట్టుకుని ఇన్నీసుపేటకి నడిచి వెళ్లింది. మేడ వాకిట్లో పేలాలు చెదిరి ఉన్నాయి, తడిసిన గడ్డి ఉంది. అరుగుమీద మగవాళ్లెవరూ లేరు, రేవునుంచి ఇంకా రాలేదు. ఆమె చుట్టు తిరిగి దొడ్డిదారిన లోపలికి వెళ్లింది.

సుభద్రమ్మ తడిచీరతో రోటి పక్కన కూర్చుని ఉంది. ఒళ్లో పాపాయి నిద్రపోతోంది.

“నువ్వెళ్లిన రెండు గంటలకి” అంది ఆవిడ. “దగ్గైనా రాలేదు. దాహం అంది. నీళ్లు తెచ్చేలోపలే.”

తలుపులమ్మ పటం అందించింది. సుభద్రమ్మ చాలాసేపు చూసింది. మొహం గట్టిగానే ఉంది. పటాన్ని పిల్ల పక్కన పెట్టి, రోటి వంక చూసింది. తలుపులమ్మ గుడ్డ విప్పి పలక తీసింది. ఎన్ని ఇళ్లలోనో చేసిన పనే. చెయ్యి లేవలేదు.

“నా వల్ల కాదండమ్మా. నన్ను మళ్లీ పిలవకపోయినా సరేనండి. మీరే కొట్టండి.”

సుభద్రమ్మ పలక అందుకుంది. ఈ ఇళ్లలో ఆడవాళ్లు పలక పగిలిన చప్పుడు వింటారే తప్ప, దాన్ని ఎత్తి చూసినవాళ్లు లేరు. ఆవిడ అనుకోకుండా దాన్ని పడమటి వెలుతురుకి పట్టింది.

“ఇదేంటే? జుట్టు నెరిసిపోయింది?”

“గాజుమీద అలాగే పడతాదండి. నలుపు తెలుపవుద్ది, తెలుపు నలుపవుద్ది.”

రేగిన జుట్టంతా నుదుటి చుట్టూ తెల్లగా ఉంది. కమిలిన మొహం, అలిసిన కళ్లు. ఇల్లు నడిపి, పిల్లల్ని పెంచి, మనవల్ని ఎత్తుకుని, డెబ్బయ్యేళ్లు బతికిన ఆడదానిలా ఉంది ఇరవై మూడేళ్ల రత్నమాణిక్యం.

“ముసలిదైంది” అంది సుభద్రమ్మ. “చూడవే తలుపులమ్మా, నా కోడలు ముసలిదైంది.” అని, పొద్దుటినుంచీ రాని ఏడుపు ఒక్కసారిగా ఏడ్చింది.

తలుపులమ్మ పాపాయిని ఎత్తుకుని, ఆ ఏడుపు తగ్గేదాకా అక్కడే కూర్చుంది. తర్వాత పిల్లను అందించి, గోడ పట్టుకుని లేచి, వెళ్లొస్తానని చెప్పకుండా బయల్దేరింది. చావింట్లో అలా చెప్పకూడదు. సుభద్రమ్మ పిల్లతోపాటు పలకనూ లోపలికి తీసుకెళ్లింది. దొడ్డితలుపు దగ్గర తలుపులమ్మ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. గదిలో, ప్రాణం పోయిన చోట వెలిగించిన దీపానికి ముందు, బియ్యం కొలిచే మానికకి ఆనించి నిలబెట్టిన గాజు పలకలో నెరిసిన జుట్టు మెరుస్తోంది.