గోరింట కంచె కత్తెర

నేను ఒక కత్తెరను. బట్టలు కత్తిరించే సుకుమారిని కాను, రెండు చేతులతో పట్టి కంచెను కత్తిరించే మొరటుదానను. పాత బండిచక్రపు పట్టాను కొలిమిలో కాల్చి సూరాచారి నన్ను చేశాడు. ప్లీడరు విశ్వపతిగారు నన్ను కొన్నది ఒక మనిషిని దాచడానికి.

ఆ మనిషి హైమవతి. ఆయన తమ్ముడి భార్య. భర్త పోయాక ఆ ఇంట చేరింది. వీధివైపు నూతి దగ్గర ఆమె కనబడితే, పనిమీద బయలుదేరినవారికి అపశకునమట. గోడకు ఖర్చెందుకని, గోరింట కంచె పెంచమని ఆమెకే పురమాయించారు.

తొలకరిలో కొమ్మలు నాటింది. నీళ్లు మోసింది. చివుళ్లు కత్తిరిస్తేనే మొదలు గుబురుకడుతుందని నన్ను ఓపికగా ఆడించింది. కంచె నిలువెత్తు పెరిగి పూసినప్పుడు, ఆమె ముఖం చూడనివారు కూడా ఆ పరిమళానికి అక్కడ ఒక్క క్షణం ఆగేవారు. ఆషాఢం వస్తే ముత్తయిదువులు కంచె అవతలే నిలబడేవారు.

"హైమా, లేతరెమ్మలు నాలుగు పడెయ్యవే. నువ్వు ఇటు రాకు తల్లీ, పైనుంచి విసిరితే చాలు."

ముసురుకు తడిసిన ఆకు నా పదునైన అంచుల మధ్య నలిగి ముద్దయ్యేది. దానిని ఆమె వేళ్లతో తీసేది. ఒక ఉదయం అత్తగారు ఆ వేళ్లు చూశారు.

"ఏమిటే ఆ ఎరుపు? ఎవరు చూసి మురవాలని?"

"కత్తెరలో ఇరుక్కున్న ఆకు తీశానండీ, అత్తయ్యగారూ."

"తీస్తేనే పండిందిటే? నలుగురూ నవ్విపోతారు!"

మరదలితో నేరుగా మాట్లాడని విశ్వపతిగారు తల్లితో అన్నారు: "నాటిన చేతులతోనే మొదలంటా కొట్టెయ్యమనమ్మా."

కొట్టేసింది. రోజంతా వానలో నరికి, తడిరెమ్మలను చేతులతో అదిమి, ఒడినిండా దిబ్బకు మోసింది.

మర్నాడు పనులకు బయలుదేరిన వీధివారందరికీ ఆమే ఎదురైంది. అడ్డేమీ లేని నూతి దగ్గర చేదతో నీళ్లు తోడుతోంది. మోచేతులదాకా రెండు చేతులూ పండి ఉన్నాయి. ఆ ఏడు ఏ ముత్తయిదువకూ అంత ఎర్రగా పండలేదు.

ఆ వారంలోనే ఇటుకగోడ లేచింది. ఖర్చు సంగతి ఎవరూ ఎత్తలేదు. మరుసటి ఆషాఢానికి ఆ స్త్రీలు గోరింటాకు వేరే పేటనుంచి తెప్పించుకున్నారు. గోడ వెనక ఎవరున్నారని అడగలేదు.

గోడకు కత్తెరతో పనిలేదు కనుక నేను పాత ఇనుము కొట్టుకు చేరాను. నా కీలు సందున, ఆమె వేళ్లు అందని చోట, పిసరంత ఆకుముద్ద ఎండి నల్లబడి ఉంది.