గాడిద నీడలో కప్ప

మా స్కూలు వరండాలో నడుస్తున్నాను, ఎంత నడిచినా వరండా తరగడం లేదు, గోడలు మెల్లమెల్లగా కాగితంలా పల్చబడుతున్నాయి, వాటి వెనక ఎవరో గ్లాసులో కుంచె కడుగుతున్న చప్పుడు. తొంగిచూస్తే దైవసహాయం మాస్టారు. పోయి నాలుగు నెలలైన మనిషి, ఒకటో తరగతి పిల్లల బల్ల మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉన్నారు. పదకొండు బొమ్మల పుస్తకాలకు నేను కథలు రాశాను, ఆయన బొమ్మలు వేశారు. పన్నెండోది ఆఖరి పేజీ దగ్గర ఆగిపోయింది.

"రండి టీచరమ్మా, ఇంతసేపా?" అంటారు, నేనే ఆయన్ని అక్కడ కూర్చోబెట్టి వెళ్లినట్టు.

ఆ పన్నెండో కథలో ఒక గాడిద, ఒక కప్ప. గాడిద గిట్ట దిగిన గుంటలో నిలిచిన వాననీళ్లే కప్పకు ఇల్లు, అలా ఇద్దరికీ స్నేహం. ఎండాకాలంలో నీళ్లు ఇంకిపోతాయి, కప్ప మట్టిలోకి దూరి నిద్రపోతుంది. మళ్లీ వానలు పడి కప్ప పైకి వచ్చేసినట్టు నేను ముగించాను. ఎండిన నేల మీద గాడిద ఒక్కటే నిలబడి ఉండాలని ఆయన పట్టు. పిల్లలు ఏడుస్తారని ఫోనులో కేకలేశాను. ఆయన పెట్టేశారు. తొమ్మిదో రోజున గుండెపోటుతో పోయారు.

"కోపంతోనే వెళ్లిపోయారనుకున్నాను మాస్టారూ," అంటున్నాను, పాఠం అప్పజెప్పే పిల్ల గొంతులా ఉంది నా గొంతు.

"కోపమే. మర్నాటికి తగ్గింది. ఫోను చేద్దామనుకుంటూనే గాడిద చెవులు కుదరక అందులో పడిపోయాను."

ఆయన నవ్వుతుంటే బల్లలు కరిగి బీడు నేలవుతున్నాయి, ఆ నేల మధ్యలో మా గాడిద, తల వంచుకుని, కదలకుండా.

"ఊరికే నిలబడలేదది. కప్ప పడుకున్నచోట ఎండ తగలకుండా నిలబడింది."

"ఆ మాట అప్పుడు చెప్పలేదేం?"

"బొమ్మ వేసి చూపిద్దామనుకున్నా."

"కప్ప కనిపించకపోతే పిల్లలు పోయిందనుకోరూ?"

"మీ రెండో తరగతి వాళ్లని అడగండి. ఇదిగో ఇక్కడుందని వేలు పెట్టి చూపిస్తారు."

ప్రచురణకర్త వేరే ఆర్టిస్టుని వెతుకుతున్నాడని చెప్తున్నాను. ఆయన వినడం లేదు.

"మీరే వేయండి."

"నాకు గీత కూడా తిన్నగా రాదు!"

"గాడిద వీపు తిన్నగా ఉంటుందా ఏమిటి?"

బాగా నొప్పి పుట్టిందా మాస్టారూ అని అడగబోతున్నాను, ఆయన అప్పటికే కుంచె నా చేతిలో పెట్టి, అంచుల నుంచి మట్టి రంగులో కలిసిపోతూ, "చెవులు మాత్రం పెద్దవి వేయండి" అంటున్నారు.

మెలకువ వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం, రాసుకునే బల్ల మీదే తల వాల్చి నిద్రపోయాను. కిటికీలోంచి ఎండ బల్లంతా పరుచుకుంది, చాచిన నా ఎడమచెయ్యి నీడ మాత్రం ఆఖరి పేజీ మీద పడి ఉంది. వానలు పడ్డాయన్న వాక్యం కొట్టేశాను. ఆ చెయ్యి తీయకుండానే రెండో చేత్తో పెన్సిలు అందుకుని ఆ నీడ అంచు వెంబడి గీయడం మొదలుపెట్టాను. గీత వంకరగానే వచ్చింది. చెరపలేదు.