నలభై లక్షల ఊపిరి

అబిడ్స్ హోటల్లో ఖరీదైన స్పీకర్ల ప్రదర్శన పెట్టారంటే, గౌలిగూడలో పెళ్లిళ్లకు మైకుసెట్లు కిరాయికిచ్చే రాజమల్లును కూడా వెంటబెట్టుకెళ్లాను. పాతికేళ్లుగా చప్పుడుతోనే బతుకుతున్నాడు కదా, అసలు వినడమంటే ఏమిటో నేర్చుకుంటాడని నా ఉదారబుద్ధి.

నలభై లక్షల స్పీకర్ల ముందు, గుళ్లో కూడా కూర్చోనంత భక్తిగా కూర్చున్నాం. టై కట్టుకున్న కంపెనీ ఆయన పాట పెట్టి, పది సెకన్లకే ఆపేశాడు.

"విన్నారా? గాయని ఊపిరి పీల్చింది!"

అందరం పులకించిపోయాం. మళ్లీ పెట్టాడు, మళ్లీ ఆపాడు. ఈసారి వీణ తీగ మీద గోరు గీసుకుంది. ఆ తర్వాత ఫిడేలు వాయించే ఆయన కుర్చీ కిర్రుమంది. నా పక్కనున్న పెద్దమనిషికైతే ఆ కిర్రుకే కళ్లు చెమర్చాయి.

రాజమల్లు నా చెవిలో గొణిగాడు. "మా మైకుల గిట్లా ఊపిరి వినవడ్డదనుకో, పెండ్లోళ్లు కిరాయిల కోత పెడ్తరు సార్."

"ష్! ఇది వేరే స్థాయి," అని కసిరాను.

గంట గడిచాక టై ఆయన మావైపు తిరిగి, ఎలా ఉందని అడిగాడు. నేను తగిన ఇంగ్లీషు మాట వెతుక్కునేలోపే రాజమల్లు వినయంగా లేచి నిలబడ్డాడు.

"మస్తుంది సార్. ఇగ పాట ఎప్పుడు వేస్తరు?"