ఉడకబెట్టిన సముద్రపు రాయి

మణుగూరు ఎండల్లో సముద్రపు చేపలు పెంచుతానంటే నా భార్య యశోద నవ్వింది. నేనేమో పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. చెన్నై నుంచి తడి కాగితాల్లో చుట్టిన సముద్రపు రాయి తెప్పించాను. అలాంటి రాయి నిండా కంటికి ఆనని ప్రాణులుంటాయి, తొట్టిలో నీళ్లను అవే శుభ్రం చేస్తాయి. వరండాలో ఉప్పునీళ్ల టబ్బులో కొన్ని వారాలు విడిగా ఉంచి, చచ్చినదంతా బ్రష్షుతో వదిలించాకే చేపల తొట్టిలో పెట్టాలి. దానికి గుండీల్లాంటి జీవులు కొన్ని అతుక్కుని ఉన్నాయి. వాటిలో విషం ఉంటుంది.

మా ఇంట్లో పనిచేసే గంగక్కది పినపాక అవతలి కోయగూడెం.

"గంగక్కా, ఆ రాయి ముట్టకు. విషముంది" అన్నాను. అంతటితో నా పని అయిపోయిందనుకుని మర్నాడు ఖమ్మం వెళ్లాను.

మధ్యాహ్నం ఇంటికి ఫోన్ చేశాను. యశోద పాఠాలు చెప్పడానికి బడికి వెళ్లింది, గంగక్కే ఎత్తింది.

"ఏం చేస్తున్నవక్కా?"

"రాయి ఉడకబెడ్తున్న సారూ." దగ్గింది. "నిన్న దానికి మీ చెయ్యి గీసుకపోయింది గద, నాకు బుగులైంది. మా చేదు గడ్డలు గిట్లనే మూడు నీళ్లు మార్చి ఉడికిస్తం. విషం దిగుతది. ఇది రెండో నీళ్లు."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఈ విషం వేడికి దిగేది కాదు, ఆవిరితో లేచి ఊపిరిలోకి పోయేది.

"బయటికి పో అక్కా! అన్నీ వదిలేసి జల్దీ బయటికి పో!"

"నోరంత ఇనుము నాకినట్టున్నది సారూ..." మళ్లీ దగ్గు. రిసీవర్ గోడకు కొట్టుకున్న చప్పుడు. తర్వాత ఎంత అరిచినా పలకలేదు.

పక్కింటి వీరబాబుకు ఫోన్ చేశాను. గ్యాస్ బండ వంటగది బయట ఉంది, అక్కడే కట్టేయమన్నాను. కాసేపటికి అతనే ఫోన్ చేశాడు. గుమ్మంలో పడి ఉన్న గంగక్కను ముక్కుకు తువ్వాలు చుట్టుకుని బయటికి లాగాడట. దవాఖానాకు తీసుకెళ్తున్నామని చెప్పి పెట్టేశాడు.

బస్సులో మూడు గంటలు. నాకు చచ్చేంత భయమేసింది. చేపల మోజుకు ఒక మనిషిని చంపుకున్నానా అనుకుంటూ కూర్చున్నాను. ఆమె చేసిందాంట్లో తప్పేముంది? విషమని చెప్పింది నేనే. విషానికి ఆమెకు తెలిసిన మందు ఉడకబెట్టడమే.

దవాఖానాలో గంగక్కకు ఆక్సిజన్ పెట్టారు. ఒళ్లంతా వణుకుతోంది. నన్ను చూసి మాస్కు పక్కకు జరిపింది. తిడుతుందనుకున్నాను.

"సారూ, ఆ నీళ్లు గిన్నెలనే ఉన్నయ్. గొడ్లు తాగేకాడ పొయ్యొద్దని చెప్పుండ్రి."

తనకు తెలిసిన జాగ్రత్త ఆమె పూర్తిగా చెప్పింది. నాకు తెలిసింది నేను సగమే చెప్పాను.